నాణెం దారి పట్టుకుంటే: పాత స్లాట్ మెషీన్లను సేకరించడం ఎలా

ఎస్టేట్ సేల్‌లో ఒక మూల దుమ్ము పట్టి, ముందు మూడు రీళ్ళతో (బొమ్మలతో తిరిగే చక్రాలు), పక్కన ఒంటి పిడితో కనిపించిన పాత స్లాట్ మెషీన్‌ను, అంటే నాణెం వేసి ఆడే జూదపు యంత్రాన్ని చూసి ముచ్చటపడి, ధర కుదిరింది కదా అని అప్పటికప్పుడే కారులో వేసుకుని ఇంటికి తెచ్చుకున్నవాళ్ళలో నేనూ ఒకణ్ణి. ఆ తొందర నాకు ఎంత ఖర్చు తెచ్చిపెట్టిందో ముందుకు వెళ్ళాక చెబుతాను. అమెరికాలో ఉంటూ ఈ సరదా మొదలుపెట్టాలనుకునే తెలుగువాళ్ళు ఏ పని తరువాత ఏ పని చేయాలో ఇక్కడ వరుసగా రాస్తున్నాను. ఇదంతా కరెంటుతో పని లేకుండా స్ప్రింగులతోనూ పళ్ళచక్రాలతోనూ నడిచే యంత్రాల గురించే. 1960లలో బాలీ సంస్థ తెచ్చిన ‘మనీ హనీ’తో మొదలైన మోటారు యంత్రాల సేకరణ వేరే విద్య, దానికి వేరే పనిముట్లు కావాలి.

ముందుగా చట్టం

స్లాట్ మెషీన్ ఎంత పాతదైనా చట్టం దృష్టిలో అది మొదట జూద పరికరం, ఆ తరువాతే పురావస్తువు. 1951 జనవరిలో వచ్చిన జాన్సన్ చట్టం ఇలాంటి యంత్రాలను అనుమతి లేని రాష్ట్రాల్లోకి తరలించడాన్ని ఫెడరల్ నేరం చేసింది. ఇంట్లో ఉంచుకోవచ్చా లేదా అన్నది మాత్రం ఏ రాష్ట్రానికి ఆ రాష్ట్రమే తేలుస్తుంది. నెవాడాలో ఇబ్బంది లేదు. కాలిఫోర్నియాలో యంత్రం వయసు 25 ఏళ్ళు దాటి, దానితో జూదం నడపకుండా ఉంటే సరిపోతుంది. హవాయిలో అసలు పెట్టుకోకూడదు. కొన్ని రాష్ట్రాలు వయసును లెక్కపెడితే, మరికొన్ని ఫలానా సంవత్సరానికి ముందు తయారైందా అని అడుగుతాయి. అందువల్ల మీ రాష్ట్ర చట్టంలోని ఆ వాక్యాన్ని మీరే చదివి, అచ్చు తీసి దగ్గర పెట్టుకుని, ఆ తరువాతే బేరానికి వెళ్ళండి. పక్క రాష్ట్రంలో కొంటున్నట్లయితే, దారిలో దాటబోయే రాష్ట్రాల సంగతి కూడా చూసుకోవాలి.

ఎప్పటికైనా ఇండియాకు తిరిగి వెళ్ళేటప్పుడు సామానుతో పాటు కంటైనర్‌లో వేసుకుపోదామనే ఆలోచన ఉంటే, ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రెండింటిలోనూ 1974 నాటి గేమింగ్ చట్టం అమలులో ఉందని, అది జూద పరికరాల విషయంలో ఉదారంగా ఉండదని గుర్తుంచుకోండి. న్యాయవాదిని అడగకుండా ఆ పని చేయవద్దు.

ఈ యంత్రాలు అంత అరుదుగా ఎందుకు దొరుకుతాయో కూడా ఈ చట్టాల చరిత్రే చెబుతుంది. 1934లో న్యూయార్క్ మేయర్ ఫియొరెల్లో లాగార్డియా సమ్మెట చేతబట్టి స్లాట్ మెషీన్లను స్వయంగా బద్దలుకొట్టి, వాటిని పడవలకెక్కించి నీళ్ళలో పారబోయించాడు. ఇతర నగరాల్లోనూ పోలీసులు ఇదే పని చేశారు. కాబట్టి ఇప్పుడు మిగిలినవాటిలో చాలా ఎవరో ఒకరు నేలమాళిగలోనో పశువుల కొట్టంలోనో దాచిపెట్టగా బతికి బట్టకట్టినవే. పెట్టె మీద సుత్తి దెబ్బో, తాళం దగ్గర గడ్డపార ఒత్తిడో కనిపిస్తే దాన్ని లోపంగా చూడకండి, నేనైతే అలాంటి మచ్చలను పూడ్చను.

ఏది కొనాలి

మూడు రీళ్ళ యంత్రానికి మూలపురుషుడు చార్లెస్ ఫే. బవేరియా నుంచి వలస వచ్చిన ఈ మెకానిక్ 1890లలో శాన్‌ఫ్రాన్సిస్కోలో లిబర్టీ బెల్ తయారు చేశాడు. ఒక్కో రీలు మీద 10 బొమ్మలు, మూడు గంట బొమ్మలు వరుసగా పడితే బహుమతి 10 నికెళ్ళు (5 సెంట్ల నాణేలు), అంటే 50 సెంట్లు. 1906 భూకంపంలోనూ దాని వెంట వచ్చిన మంటల్లోనూ ఆయన కార్ఖానా నాశనమైంది. అసలైన లిబర్టీ బెల్ చవకగా ఇస్తానని ఎవరైనా అంటే నమస్కారం పెట్టి ఇంటికి వచ్చేయండి.

ఫే తరువాత ఈ వ్యాపారం షికాగోకు తరలింది. మిల్స్ నావెల్టీ, జెన్నింగ్స్, వాట్లింగ్, పేస్ అనేవి అక్కడి పేర్లు. కెయిల్ బ్రదర్స్ డెట్రాయిట్‌లో ఉండేవారు. మొదటి యంత్రంగా 1930ల నుంచి 1940ల చివరి వరకు వచ్చిన మిల్స్ యంత్రాన్ని, అందులోనూ 5 సెంట్లదాన్ని ఎంచుకోమని నా సలహా. 1931 నాటి వార్ ఈగిల్ ముఖం మీద డేగ ఉంటుంది, 1940ల హై టాప్ నునుపుగా, నిరాడంబరంగా ఉంటుంది. పైకి ఇంత తేడా ఉన్నా రెండింటి లోపలి యంత్రాంగం ఒకే కుటుంబానిది, అందువల్ల విడిభాగాలూ దొరుకుతాయి, మరమ్మతు తెలిసినవాళ్ళూ దొరుకుతారు. వాట్లింగ్ వారి 1935 నాటి రోల్-ఎ-టాప్ ఎదురుగా నిలబడితే చూపు తిప్పుకోలేం, కానీ దాని ధర కూడా ఆ అందానికి తగ్గట్టే ఉంటుంది కాబట్టి దాన్ని మూడో యంత్రంగానో నాలుగో యంత్రంగానో ఉంచుకోండి.

జూదంతో పని లేదనుకునేవారికి ఇదే కుటుంబంలో వేరే దారులున్నాయి. పెన్నీ వేస్తే గుండ్రటి చూయింగ్ గమ్ రాల్చే గాజు బుడ్డి యంత్రాలు చవక, తేలిక, పిల్లలున్న ఇంటికి నిశ్చింత. నాణెం వేస్తే పాట వినిపించే జూక్‌బాక్స్‌లంటే చాలామందికి ప్రాణం. 1946 నాటి వుర్లిట్జర్ 1015లో 78 ఆర్‌పీఎం రికార్డుల మీద 24 పాటలు వినవచ్చు, దాని వంపులోని రంగుల బుడగల కోసమే కొనేవాళ్ళున్నారు. అయితే దానిలో వాక్యూమ్ ట్యూబుల ఆంప్లిఫయరూ, గుడ్డ తొడుగు తీగలూ, ప్లగ్గు తీసినా కరెంటు నిలవుండే కెపాసిటర్లూ ఉంటాయి. ఎలక్ట్రానిక్స్ చేత్తో చేసిన అనుభవం లేకపోతే దాని జోలికి వెళ్ళకండి.

కొనడానికి ముందు ఒక ఆదివారం శాన్‌ఫ్రాన్సిస్కోలోని ఫిషర్‌మన్స్ వార్ఫ్‌కు వెళ్ళి మ్యూజీ మెకానిక్‌ను చూడండి. ఎడ్వర్డ్ జెలిన్‌స్కీ అనే సేకర్త జీవితకాలమంతా కూడబెట్టిన నాణేల యంత్రాలు అక్కడ వందల్లో ఉన్నాయి, ప్రవేశం ఉచితం, నాణేలు వేసి వాటిని నడపనిస్తారు. బాగా నడిచే యంత్రం ఎలా మోగుతుందో చెవికి పట్టించుకోవడానికి అంతకంటే మంచి బడి లేదు.

నాణెం వెంట నడవడం

ఇక అసలు పాఠం. మిల్స్ యంత్రంలో నాణేన్ని కూడా ఒక విడిభాగంగా లెక్కపెట్టాలి. పైన చీలికలో వేసిన నాణెం జారి, ఎస్కలేటర్ అనే మెట్ల వరుసలోకి చేరుతుంది. చివరగా వేసిన నాణేలు వరుసగా ఒక చిన్న గాజు కిటికీలోంచి బయటికి కనిపిస్తాయి. ఎవరైనా సీసం బిళ్ళ వేసి మోసం చేస్తే దుకాణదారు కంటపడాలని ఆ కిటికీ పెట్టారు. పిడి లాగబోయేటప్పుడు లోపలి వేలు లాంటి ఒక మీట నాణెం ఉందో లేదో తడిమి చూస్తుంది, ఉంటేనే పిడి కిందికి దిగుతుంది.

పిడి దిగుతుంటే పెద్ద స్ప్రింగు సాగుతుంది, చివరికి వచ్చాక ఒక మీట మూడు రీళ్ళనూ ఒక్కసారిగా తన్ని తిప్పుతుంది. అదే క్షణంలో వెనక ఉన్న గడియారం యంత్రాంగం ఝుమ్మని తిరగడం మొదలుపెట్టి, ఎడమ నుంచి కుడికి ఒకదాని తరువాత ఒకటిగా ఆపుడు మీటలను వదులుతుంది. ఒక్కో మీట రీలు పక్కనున్న గాళ్ళ చక్రంలో పడి రీలును నిలబెడుతుంది. టక్, టక్, టక్ అని మూడు శబ్దాలు సమానమైన ఎడంతో వినిపించాలి. ఈ తరం రీళ్ళ మీద 20 చొప్పున నిలుపుళ్ళు ఉంటాయి, అంటే మొత్తం 8,000 కలయికలు. ఫే యంత్రంలో అవి 1,000 మాత్రమే. లాభం ఎవరి వైపు మొగ్గిందో ఈ రెండు అంకెలను పక్కపక్కన పెట్టి చూసుకోవచ్చు.

రీళ్ళు నిలబడ్డాక చెల్లింపు వేళ్ళు ముందుకు కదిలి, రీలు చక్రాలకున్న రంధ్రాలను తడుముతాయి. రంధ్రాలు ఒకే వరుసలో దొరికితే వేళ్ళు లోపలికి దిగి, నాణేల గొట్టం కింద ఒకదానిపై ఒకటి పేర్చిన జారుడు పలకల్లో తగినన్నింటిని విడిపిస్తాయి. ఒక్కో పలకలోని గుండ్రటి రంధ్రంలో కూర్చున్న నాణేలు కింద ఉన్న దోనెలోకి గలగలా రాలతాయి. గొట్టం నిండిపోతే ఆ పైన పడే నాణెం యజమాని గల్లాపెట్టెలోకి వెళ్ళిపోతుంది. ఈ ప్రయాణాన్ని కళ్ళు మూసుకుని చెప్పగలిగినంత వరకు చెక్కు మీద సంతకం పెట్టకండి, ఎందుకంటే తరువాతి పనులన్నీ దీని మీదే ఆధారపడి ఉన్నాయి.

బేరానికి ముందు పరీక్ష

వెనక తలుపు తీసి చూపించమని అడగండి. నా మొదటి యంత్రం విషయంలో నేను చేయని పని ఇదే. తాళంచెవి పోయిందని అమ్మినాయన చెప్పాడు, పెట్టె ముందు భాగం మెరిసిపోతోంది, రీళ్ళ మీద చెర్రీలూ రేగుపళ్ళూ గంటలూ కొత్తగా నవ్వుతున్నాయి, నేను నమ్మాను. ఇంటికొచ్చి తాళాలు తీసేవాడిని పిలిపించి తెరిపిస్తే, జారుడు పలకల్లో సగం లేవు, గడియారం యంత్రాంగానికుండే రెక్కలు విరిగి ఉన్నాయి, చెల్లింపు మీటను ఎవరో ఇనుపతీగతో కట్టేశారు. ఆ విడిభాగాలు ఒక్కొక్కటిగా సంపాదించేసరికి యంత్రం కొన్నంత సొమ్మూ మళ్ళీ ఖర్చయింది. తాళంచెవి లేకపోవడం నిజంగానే మామూలు సంగతి. కానీ తాళం తీయించే ఖర్చు మీరే పెట్టుకుంటామన్నా కుదరదనే అమ్మకందారు దగ్గర కొనవద్దు.

తలుపు తెరిచాక యంత్రాంగం పూర్తిగా బయటికి వస్తుంది. మిల్స్ వాటిలో అది ఒక చట్రంలో కూర్చుని, వెనక నుంచి సొరుగులా జారుతుంది. పెట్టె మీదా యంత్రాంగం మీదా ఉన్న వరుస సంఖ్యలను పోల్చి చూడండి. రెండూ కలిస్తే అవి పుట్టినప్పటి నుంచి కలిసి ఉన్నాయనుకోవచ్చు. కలవకపోయినా కొనవచ్చు, ధర మాత్రం తగ్గాలి. అద్దెకిచ్చే వ్యాపారులు ఆ రోజుల్లో ఒకదాని యంత్రాంగాన్ని మరొకదాని పెట్టెలో పెట్టడం పరిపాటి.

తరువాత స్క్రూలను చూడండి. ప్లస్ గుర్తు గాడి ఉన్న ఫిలిప్స్ స్క్రూ 1930ల మధ్యలో గానీ పరిశ్రమలోకి రాలేదు. 1920ల యంత్రమని చెబుతున్నదానిలో అవి కనిపిస్తే ఎవరో తరువాత చేయి పెట్టారన్నమాట, అవి పెట్టె నిండా ఉంటే ఆ పెట్టే కొత్తది కావచ్చు. పాత యంత్రాంగం చుట్టూ కొత్తగా పోత పోసిన ముఖాన్ని బిగించి అమ్మినవి చాలానే ఉన్నాయి. అసలు వస్తువునే అచ్చుగా పెట్టుకుని తీసిన నకలు పోతలో డేగ ఈకల అంచులు మొద్దుబారి ఉంటాయి, లోపలి వైపు ఇసుక గరుకు తగులుతుంది, లోహం చల్లారేటప్పుడు ముడుచుకుంటుంది కాబట్టి కొలతలు కూడా అసలుకంటే వెంట్రుకవాసి తక్కువ వస్తాయి. వేలిముద్రలకు నల్లబడిన పిడి, నాణెం చీలిక చుట్టూ అరిగిన నికెల్ పూత, దోనె అడుగున గోళ్ళు గీరిన గుర్తులు నకలు చేయడానికి కష్టం. అరుగుదల చేతులు తగిలే చోటే ఉందా, అంతటా సమానంగా ఉందా అన్నది నా మొదటి ప్రశ్న.

రీలు చక్రాల గాళ్ళలో ఎక్కడైనా చిన్న లోహపు ముక్క ఇరికించి ఉందేమో టార్చి వేసి వెతకండి. దీన్ని ‘బగ్’ అంటారు. పెద్ద బహుమతి పడే చోట రీలు నిలవకుండా చేయడానికి కొందరు యజమానులు రహస్యంగా పెట్టేవారు. దొరికితే మీ అదృష్టం, తీసేసి చిన్న సంచిలో వేసి యంత్రంతో పాటే భద్రపరచండి. ఆ యంత్రం ఎలాంటి చోట పని చేసిందో అది కాగితాలకంటే బాగా చెబుతుంది.

ఆఖరున నాణెం వేసి పిడి లాగండి. బిగుసుకుపోతే బలం పెట్టవద్దు, అక్కడితో వదిలేయండి. ధర విషయానికొస్తే, నడిచే స్థితిలో ఉన్న సాధారణ మిల్స్ యంత్రం వెయ్యి డాలర్లకు అటూ ఇటూ మొదలవుతుంది, అరుదైన ముఖాలకు దానికి ఎన్నో రెట్లు పలుకుతుంది. పెన్సిల్వేనియాలోని మోర్ఫీ వంటి వేలం సంస్థలు పాత అమ్మకాల ధరలను బయటపెడతాయి, కాయిన్ ఆపరేటెడ్ కలెక్టర్స్ అసోసియేషన్ సభ్యుల్లో అడిగితే చెప్పేవాళ్ళుంటారు. ఈ రెండూ చూడకుండా అమ్మకందారు చెప్పిన మొదటి అంకెకు తల ఊపకండి.

ఇంటికి తేవడం, శుభ్రం చేయడం

ఈ యంత్రం 30 నుంచి 45 కిలోల బరువుంటుంది. కదిలించేముందు గొట్టంలోని, జాక్‌పాట్ అరలోని, గల్లాపెట్టెలోని నాణేలన్నీ తీసేయాలి, లేకపోతే దారి కుదుపులకు అవి పళ్ళచక్రాల మధ్యకు చేరతాయి. యంత్రాంగాన్ని బయటికి తీసి వేరే పెట్టెలో సర్దండి, రీళ్ళు తిరగకుండా మెత్తటి గుడ్డతో కట్టండి, పెట్టెను నిలువుగానే ఉంచండి. ఇల్లు చేరాక గరాజ్‌లో పెట్టవద్దు. డాలస్, హ్యూస్టన్ ఎండాకాలపు గరాజ్ వేడికీ తేమకూ చెక్క పగులుతుంది, ఉక్కు భాగాలకు తుప్పు పడుతుంది.

విప్పే ప్రతి దశలోనూ ఫొటో తీయండి, విప్పిన ప్రతి స్ప్రింగునూ పేరు రాసిన సంచిలో వేయండి. ఎనభై ఏళ్ళ జిడ్డు గట్టిపడి మైనంలా ఉంటుంది. దాన్ని మినరల్ స్పిరిట్స్‌లో (పెయింటును పలచన చేసే ద్రవం) ముంచిన బ్రష్‌తో కరిగించి, పూర్తిగా ఆరనివ్వండి. ఆ ద్రవం రీళ్ళ మీది కాగితం పట్టీలకు తగిలిందా, చెర్రీల ఎరుపు కారిపోవచ్చు, కనుక రీళ్ళను ముందే ప్లాస్టిక్‌తో చుట్టేయండి. ఇరుసుల దగ్గర సన్నని సూదితో ఒక్కో చుక్క గడియారం నూనె చాలు. డబ్బాలోంచి పిచికారీ కొట్టే నూనెలు మొదట హాయిగా నడిపించి, తరువాత దుమ్మును పట్టుకుని బంకలా మారతాయి. నాణెం తాకే చోట్ల, అంటే చీలికలో, ఎస్కలేటర్‌లో, గొట్టంలో, జారుడు పలకల మీద అసలు నూనె పడకూడదు, జిడ్డు పట్టిన నాణేలు ఒకదానికొకటి అంటుకుంటాయి. ఇసుక కాగితాన్ని పనిబల్ల మీదికి రానివ్వకండి. వెలిసిన పాత రంగుకు విలువ ఎక్కువ, అద్దంలా మెరిపించిన అల్యూమినియానికి తక్కువ, ఒకసారి గీకేసిన రంగును వెనక్కి తేలేం.

ఏ నాణెం వేయాలి

నికెల్ 5 గ్రాముల బరువు, 21.21 మిల్లీమీటర్ల వెడల్పు. 1930లలో ఎంతో ఇప్పుడూ అంతే, అందుకే ఆనాటి యంత్రం ఈనాటి బ్యాంకు నాణెంతో నడుస్తుంది. అమెరికాలో ఈ సరదా ఇంత పెద్దదవడానికి ఆ స్థిరత్వమే పెద్ద కారణమని నాకనిపిస్తుంది.

మన దగ్గర జరిగింది వేరు. విజయవాడ, సికింద్రాబాద్ స్టేషన్లలో రంగుల బల్బులతో, గిర్రున తిరిగే చక్రంతో నిలబడి, నాణెం వేస్తే ఒక వైపు బరువూ రెండో వైపు జాతకమూ అచ్చేసిన అట్టముక్కను రాల్చే తూనిక యంత్రాలు ఈ పాఠకుల్లో చాలామందికి జ్ఞాపకముంటాయి. రూపాయి బిళ్ళ కొన్ని దశాబ్దాల్లోనే బరువూ వెడల్పూ పలుమార్లు మార్చుకుంది, 2011 జూన్ 30తో 25 పైసలూ అంతకు చిన్నవీ చెల్లుబాటు కోల్పోయాయి. ప్రతి మార్పుకూ యంత్రం గొంతును మళ్ళీ కొలవాల్సి వచ్చేది. సెలవులకు వెళ్ళినప్పుడు పాత ఇనుప సామాను దుకాణాల్లో అలాంటిది దొరికితే, అది ఏ నాణేనికి చేసిందో చీలిక కొలిచి తెలుసుకుని, ఆ కాలపు నాణేలను పాత నాణేల వర్తకుల దగ్గర గుప్పెడు కొని పెట్టుకోండి. యంత్రం దొరకనివారు ఆ అట్టముక్కల సేకరణతోనే మొదలుపెట్టవచ్చు, అవి పెద్దల పెట్టెల్లో, పాత పుస్తకాల మధ్య ఇంకా దొరుకుతున్నాయి.

అమెరికా యంత్రం గల్లాపెట్టెలో పాత డైములు, క్వార్టర్లు దొరికితే సంవత్సరం చూడండి. 1964 వరకు వచ్చినవాటిలో 90 శాతం వెండి. వాటిని విడిగా తీసి దాచుకుని, యంత్రానికి మామూలు నాణేలే వేయండి.

ఇంటికి బంధువులొచ్చినప్పుడు అందరూ లాగాలంటారు. నాణేలు మీరే ఒక గిన్నెలో పోసి ఇవ్వండి, అతిథి జేబులోంచి ఒక్క సెంటు కూడా యంత్రంలోకి వెళ్ళకూడదు. పిడిని చివరివరకు లాగి, చేతితోనే వెనక్కి వెళ్ళనిమ్మని ముందే చెప్పండి. మధ్యలో వదిలేస్తే అది విసురుగా వెనక్కి వస్తుంది, పక్కనే నిలబడిన పిల్లల ముఖం సరిగ్గా ఆ ఎత్తులోనే ఉంటుంది. గిన్నెలో ఎన్ని పోశారో, గొట్టంలో అంతకుముందు ఎన్ని ఉన్నాయో ఒక చీటీ మీద రాసుకోండి. అందరూ వెళ్ళాక వెనక తలుపు తీసి లెక్కపెట్టినప్పుడు ఒక్కటి తగ్గినా, అది సోఫా కిందే పడి ఉంటుందని సరిపెట్టుకోకుండా, యంత్రాంగాన్ని బయటికి జరిపి, చీలిక నుంచి దోనె దాకా టార్చితో వెతికి, ఆ నాణెం చేతికి దొరికాకే మళ్ళీ పిడి లాగండి.